సుభాన్ ఐదు రోజుల గైర్హాజరీ

భూమి మునిగినా తేలినా హాజరు పట్టీలో ఖాళీ గడి ఉండరాదు. నాగరిక ప్రభుత్వానికి ఇదే మొదటి లక్షణం. నిజాం సర్కారు పోయి మిలిటరీ సర్కారు వచ్చిన వారానికే సికింద్రాబాద్‌లో సంజాయిషీల కచేరీ వెలిసింది. పోలీసు చర్య జరిగిన ఐదు రోజులూ ఎవరెక్కడున్నారో కాగితం మీద తేల్చడం దాని పని. (ఆ ఐదు రోజులూ అధికారులెక్కడున్నారో తేల్చే కచేరీ ఇంకా వెలవలేదు.)

లాలాగూడ రైలు కార్ఖానాలో వ్యాగన్లకు బ్రేకులు బిగించే సుభాన్, ఆ ఐదు రోజులూ వేరే గ్రహంలో ఉన్నాడు. డ్యూటీ దిగి ఇంటికి పోతుంటే ఆకాశం నుంచి పళ్ళెం లాంటి ఓడ ఒకటి దిగి, చేతిలోని పానాతో, టిఫిన్ డబ్బాతో సహా అతన్ని ఎత్తుకుపోయింది. ఆ ఓడవాళ్ళ గ్రహానికి బ్రేకు పట్టక తిన్నగా భూమి మీదికి వస్తోంది. అక్కడి పండితులంతా చేతులెత్తేశారు. బ్రేకు దిమ్మ అరిగిందని సుభాన్ చూడగానే చెప్పాడు. ఐదు రోజులు ఒళ్ళు హూనం చేసుకుని కొత్తది బిగించాడు. గ్రహం ఆగింది, మనమంతా బతికాం. అతన్ని తిరిగి దింపేసరికి ఊళ్ళో జెండా మారిపోయింది.

సంజాయిషీ ఇచ్చేదాకా నౌకరీ లేదన్నారు, నెలాఖరుకు క్వార్టరు ఖాళీ చెయ్యమన్నారు. ఏ బ్రేకు ఎందుకు చెడిందో, ఏం మార్చాడో ఉన్నదున్నట్టు రిపోర్టు రాయడం సుభాన్‌కు ఇరవై ఏళ్ళ అలవాటు. పాపం, ఇదీ అలాగే రాసిచ్చాడు.

కచేరీ నమ్మలేదనుకుంటే పొరపాటు. అబద్ధమన్న మాట ఎక్కడా వాడలేదు. ఆ గ్రహం సంస్థానం సరిహద్దుకు లోపలా, వెలుపలా అని మాత్రం అడిగింది. వెలుపలైతే సరిహద్దు దాటడానికి పర్మిట్టు ఎవరిచ్చారు? లోపలైతే అక్కడి జనం ఆయుధాలు అప్పగించారా?

సుభాన్ చెప్పులరిగేలా తిరిగాడు. భార్య జాన్ బీ గిన్నెలన్నీ గోనె సంచిలో కట్టేసి, "గ్రహాన్ని ఆపినవ్ గదా, గా నోటీసు సుత ఆపరాదూ?" అంది.

చివరికి కచేరీ గుమాస్తా దేవానందం అతన్ని పక్కకు పిలిచాడు. మంచివాడే. కాబట్టే గొంతు తగ్గించి మాట్లాడాడు.

"సుభాన్ భాయి, ఇంట్ల లేనని నీ చేత్తోనే రాసిచ్చినవ్. నీ అసోంటి పేరున్నోడు గా ఐదు దినాలు ఇంట్ల లేకుంటే రజాకార్ల ఫైల్లనే ఏస్తరు. జెర సమజ్ చేస్కో."

సొరుగులోంచి ఒక టైపు కాగితం తీశాడు. 'ఆ ఐదు రోజులూ భయంతో ఇంట్లో మంచం కింద దాక్కున్నాను' అని అప్పటికే కొట్టి ఉంది. పేరు దగ్గర మాత్రం ఖాళీ.

"నేను భయపడలే సాబ్," అన్నాడు సుభాన్.

"ఇప్పుడు?" అన్నాడు దేవానందం.

సుభాన్ సంతకం పెట్టాడు. అరగంటలో ముద్ర పడింది, నౌకరీ దక్కింది, జాన్ బీ గోనె సంచి విప్పింది. మంచం కింద దాక్కున్నవాళ్ళ దొంతరలో అతనిది నూట నలభై రెండో కాగితం. భయమన్న కారణానికి మాత్రం కచేరీ ఎవరినీ రుజువడగలేదు.