పందిరి మంచం అమ్మకానికి కలదు

సోమవారం నుంచి ముందుగదిలో కుట్టు క్లాసు మొదలుపెట్టాలని ఉమామహేశ్వరి ఆశ. తాడేపల్లిగూడెంలో సగం ఊరి జాకెట్లు వంటింటి మూలన కూర్చుని కుట్టిన ఆవిడకి, తనదంటూ ఒక గది ఉంటే ఎలా ఉంటుందో చూడాలని ఉంది. ఆ గదిని మాత్రం అత్తగారి పందిరి మంచం ఆక్రమించుకుని కూర్చుంది. శనివారానికల్లా దాన్ని సాగనంపకపోతే మీరే దానిమీద కూర్చుని క్లాసు చెప్పుకోండని మొగుడికి గట్టిగా చెప్పేసింది.

జనార్దనరావు మంచాన్ని ఫోనులో అమ్మకానికి పెట్టాడు. పాతికేళ్లు బట్టల కొట్టు నడిపిన మనిషి, బేరానికొచ్చినవాళ్లు ఏమడిగినా అలాగేనండీ అనడమే తెలుసు. అత్తిలి ప్రసాదరావు దొరికాడు. దొరికాడేమిటి, పట్టుకున్నాడు. కాళ్ల ఫొటో కావాలన్నాడు, చెదలున్నాయేమో చూడాలి అడుగు ఫొటో పెట్టమన్నాడు, ఆఖరికి పొడవు తెలియాలంటే మీరొకసారి పడుకుని చూపించండన్నాడు. శుక్రవారం సాయంత్రం జనార్దనరావు తెల్ల పంచెతో వెల్లకిలా పడుకుని, ఫ్లాష్ పడుతుందని కళ్లు మూసుకున్నాడు. తిట్టుకుంటూనే ఉమామహేశ్వరి ఫొటో తీసింది.

అది ప్రసాదరావుకి పంపుతూ, వేలు ఎక్కడ తగిలిందో ఏమో, వాట్సాప్ స్టేటస్‌లో కూడా పెట్టేశాడు మహానుభావుడు. పెట్టి, ఫోను చార్జింగులో పడేసి మర్చిపోయాడు. అది చూసి ఉమామహేశ్వరి పుట్టింటివైపు నల్లజర్ల చుట్టాలు చేసిన ఫోన్లు తీసిన నాథుడు లేడు, దాంతో వాళ్లకి అనుమానం తీరిపోయింది.

శనివారం పొద్దున్న ప్రసాదరావు ట్రాలీ ఆటోతో వచ్చేసరికి వెనకాలే రెండు కార్లు ఆగాయి. ఉమామహేశ్వరి తమ్ముడు విజయ్‌కుమార్ పెద్ద బంతిపూల దండతో దిగి, "అక్కా, ఎంత పని జరిగిపోయిందే" అని ఘొల్లుమన్నాడు. వెంట దిగిన మేనత్తలిద్దరూ అందుకున్నారు. సరిగ్గా అప్పుడే జనార్దనరావు స్నానం చేసి తల తుడుచుకుంటూ వచ్చి, ఎవరు పోయారని ఆదుర్దాగా అడిగాడు. విజయ్‌కుమార్ దండని ఏం చెయ్యాలో తోచక మంచం పందిరికి తగిలించాడు.

"శవానికి తెచ్చిన దండ పడ్డ మంచాన్ని మా ఇంటికి తీసుకెళ్లమంటారా?" అన్నాడు ప్రసాదరావు.

"శవం నేనేనండీ. బాగానే ఉన్నాను" అన్నాడు జనార్దనరావు మర్యాదగా.

"ఉన్నందుకు సంతోషమేనండీ. మంచం మాత్రం వద్దు."

ఆటో వెళ్లిపోయింది. ఉమామహేశ్వరి గడప దగ్గర కూలబడింది. ఇక గదీ లేదు, క్లాసూ లేదు అనుకునేసరికి నిజంగానే ఏడుపొచ్చింది. తెచ్చుకున్న దుఃఖం వృథా పోనివ్వడమెందుకని మేనత్తలు ఆవిణ్ని పట్టుకుని శోకాలు మళ్లీ మొదలుపెట్టారు.

ఆ గోల విని పక్కవీధి జుబేదా పరిగెత్తుకొచ్చింది. ఫంక్షన్లకి స్టేజీలు అలంకరించడం ఆవిడ వ్యాపారం. అందరూ జనార్దనరావుని తడిమి చూస్తుంటే ఆవిడ మంచాన్ని చూసింది. నగిషీ చెక్క మీంచి బంతిపూలు వేలాడుతున్నాయి.

"ఏవండీ, ఇది అమ్ముతారా? నాలుగు పక్కలా దండలు కట్టి ఓణీల ఫంక్షన్‌లో పిల్లని కూర్చోబెడితే ఎంత బావుంటుందండీ" అంది.

దాచడం చేతగాక జనార్దనరావు దండ సంగతి చెప్పేశాడు.

"దండకేం తెలుసండీ, ఎవరికి తెచ్చారో" అంది జుబేదా.

బేరం కుదిరింది. మోయడానికి సిద్ధపడి వచ్చిన మగవాళ్లు మంచాన్ని విప్పి భుజాలకెత్తుకున్నారు. మధ్యాహ్నానికి గది ఖాళీ అయింది. ఉమామహేశ్వరి కుట్టుమిషను కిటికీ పక్కన పెట్టించుకుని, గోడ నుంచి గోడ దాకా ఒకసారి నడిచి చూసుకుంది. ఆ పూట ఆవిడ సంతోషానికి పట్టపగ్గాలు లేవు.

చుట్టాలు భోంచేసి బయల్దేరారు. వచ్చిన పని కాకుండా వెళ్తున్నందుకు మేనత్తలిద్దరికీ కాస్త వెలితిగానే ఉంది.