రేపల్లెకి ఒకటి

జూన్ పదకొండు. ఎబినేజర్‌కి ఆ తేదీ గుర్తుండిపోవడానికి కారణం పెసరట్లు. పొద్దున్నే ఆయన పోసిన నాలుగింటిలో మూడు పెనానికే అంకితమయ్యాయి. నాలుగోదాన్ని కూతురు జ్యోత్స్న మాడిన వైపు లోపలికి మడుచుకుని, "బాగుంది నాన్నా" అంటూ తినేసింది. భార్య పోయిన మూడేళ్ళలో ఆయన వంటకి దక్కిన పెద్ద మెప్పు అదే.

ఆ రోజు జ్యోత్స్నకి రేపల్లెలో ఒక ప్రైవేటు స్కూల్లో డెమో క్లాసు. ఇంగ్లీషులో ప్రశ్న అడిగేటప్పుడు ఎక్కడ 'ఎనీవన్' అనాలి, ఎక్కడ 'యూ' అనాలి అన్నది పాఠం. పాఠం నోటికొచ్చు. నలుగురిని చూస్తే నోరే పెగలదు. అలా ఇప్పటికే రెండు ఉద్యోగాలు జారిపోయాయి.

తెనాలి స్టేషన్లో టికెట్టు జేబులో పడేసుకుని ఎబినేజర్ పరుగున వచ్చి బండెక్కాడు. కదలగానే, "ఇక్కడే మొదలెట్టమ్మా, వీళ్ళంతా నీ క్లాసే అనుకో" అన్నాడు. "'ఎనీవన్' అంటే ప్రతివాడూ పక్కవాణ్ణే అడుగుతున్నారనుకుంటాడు. 'యూ' అన్నావనుకో, గుండె గుభేలుమంటుంది. అదీ తేడా."

"ఏం అడగను?"

"రైల్లో ఏముంటుంది? టికెట్టు గురించే అడుగు."

తెల్ల నేతచీర, చంకలో ఫైలు, చేతిలో పెన్ను. జ్యోత్స్న లేచి, కళ్ళు మూసుకుని, ఉన్న గొంతంతా పెట్టి అడిగేసింది. "డజ్ ఎనీవన్ హావ్ ఎ టికెట్?"

పెట్టె అంతా చప్పబడింది. రైల్లో టికెట్టు మాట ఇంగ్లీషులో ఎత్తేది చెకింగ్ స్క్వాడ్ వాళ్ళే మరి. ఇద్దరు కుర్రాళ్ళు బాత్రూములో దూరారు. చేపల గంప పక్కన కూర్చున్న ఒకావిడ, "జంపనిలో దిగిపోతానమ్మా, కేకలెయ్యమాక" అంది. మిగిలినవాళ్ళు వరసగా టికెట్లు చాపారు. ఏం చెయ్యాలో తోచక జ్యోత్స్న ఒక్కోదాన్నీ చూసి తల ఊపింది. అటుపక్క పెట్టెలోంచి ఒకాయన వచ్చి, "మాదీ చూసెయ్యండి మేడమ్, పడుకోవాలి" అన్నాడు.

జంపని దాటేసరికి ఆమె భయం కూడా ఎక్కడో దిగిపోయింది. కిటికీ దగ్గర పేపరు వెనక దాక్కున్న సఫారీ సూటు ఆయన ముందు నిలబడి, "డు యూ హావ్ ఎ టికెట్?" అంది. పేపరు చకచకా మడతపడింది. "నేను దిగేది ఇక్కడేనండి" అంటూ ఆయన వేమూరులో దూకినంత పని చేశాడు.

"చూశావా 'యూ' దెబ్బ!" అని ఎబినేజర్ పొంగిపోయాడు.

స్కూల్లో కరస్పాండెంటు ఇంకా రాలేదన్నారు. చాలాసేపటికి షేర్ ఆటోలోంచి నలిగిన సఫారీతో కరస్పాండెంటు బసవేశ్వరరావు గారు దిగారు. జ్యోత్స్నని చూసి గుమ్మంలోనే ఆగిపోయారు. ఎబినేజర్ ప్రాణం ఉసూరుమంది. మూడో ఉద్యోగమూ పోయినట్టే.

"మీరు... రైల్వేవాళ్ళు కాదా?"

"కాదండి. డెమో క్లాసుకొచ్చానండి."

"మరి రైల్లో?"

"ప్రాక్టీసండి."

ఆయన సఫారీ సవరించుకుని క్లాసు చూపించారు. జ్యోత్స్న 'ఎనీవన్' అంటే పిల్లలు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. దగ్గరికెళ్ళి 'యూ' అనేసరికి ఒక్కొక్కరే లేచి జవాబు చెప్పారు. ఆమె గొంతు ఎక్కడా తడబడలేదు. కిటికీ అవతల నిలబడ్డ ఎబినేజర్ ఛాతీ చొక్కా గుండీలకి పని పెట్టింది.

"సోమవారం నించి రండమ్మా" అన్నారు బసవేశ్వరరావు గారు. "ఒక్కటే షరతు. ప్రశ్నలు స్కూలు లోపలే అడగండి."

సాయంత్రం బస్సులో ఇల్లు చేరారు. రాత్రి చొక్కా విప్పుతుంటే ఎబినేజర్ జేబులోంచి పొద్దుటి టికెట్టు జారిపడింది. జ్యోత్స్న తీసి చదివింది.

"నాన్నా, ఇది ఒకళ్ళకే!"

రేపల్లెలో చెల్లెలింటికి భార్యతో వెళ్ళినప్పుడల్లా కౌంటరు దగ్గర ఆయన ఒకప్పుడు 'రెండు' అనేవాడు. ఈ మూడేళ్ళుగా నోటికి 'ఒకటి' అలవాటైపోయింది. టికెట్టు మీదికి వంగి చూసి, "అందర్నీ అడిగావు, నన్నెందుకు అడగలేదమ్మా?" అన్నాడు.

"'ఎనీవన్' అన్నాగా! నువ్వు పక్కవాళ్ళననుకున్నావు."

దీపం ఆర్పి వీధి తలుపు దగ్గరికి వెళ్ళి, "అందరూ పడుకున్నారా?" అన్నాడు పాత అలవాటు కొద్దీ. మళ్ళీ తనే సర్దుకుని, "నువ్వు పడుకున్నావా జ్యోత్స్నా?" అని అడిగాడు.

"పడుకున్నా నాన్నా. ఆ టికెట్టు మాత్రం నాది."

టికెట్టు లేనివాడు బండి దిగేటంత మెల్లగా, ఎబినేజర్ తలుపు మూసి గడియ పెట్టాడు.