టికెట్ లేని కంప్యూటర్

సెలవు రోజు పొద్దున్నే రైల్వే టీసీగారు ఒక మంచి పని చేద్దామనుకున్నారు. తాను బండ్లలో తిరుగుతుంటే సంసారాన్ని ఒంటిచేత్తో నెట్టుకొస్తున్న భార్యంటే ఆయనకు చెప్పలేనంత కృతజ్ఞత. ఆమె పుస్తకాలు అనువదిస్తుంది. ఆమె కంప్యూటర్ తెరుచుకునేలోగా ఇంటిల్లిపాదీ కాఫీ తాగి కప్పులు కడిగేసుకోవచ్చు. పైగా ఆఖరి అధ్యాయం ఆ సాయంత్రంలోగా పంపకపోతే పుస్తకం వేరేవాళ్లకు పోతుంది. ఆమె బజారుకు వెళ్లిందో లేదో, లేడికి లేచిందే పరుగన్నట్టు, అన్నీ తెలిసిన బావమరిదిని పిలిచి కంప్యూటర్‌ను నడిపించే పాత మదర్‌బోర్డు తీయించి కొత్తది వేయించారు.

కంప్యూటర్ చిటికెలో లేచింది. తెర మూలన మాత్రం దానిలోని సాఫ్ట్‌వేర్‌కు లైసెన్సు లేదని ఒక సందేశం కనిపించింది.

"పట్టించుకోకు బావా, నడుస్తోందిగా!"

"టికెట్ లేనివాణ్ణి ఎక్కించుకున్నా బండి నడుస్తుందిరా!" అని టీసీగారు ప్లగ్గు పీకేసి, సాఫ్ట్‌వేర్ కంపెనీకి ఫోన్ చేశారు.

అవతలి అమ్మాయి ఓపిగ్గా చెప్పింది. "కంప్యూటర్‌తోపాటు వచ్చిన సాఫ్ట్‌వేర్ ఆ బోర్డుకే కట్టుబడి ఉంటుందండీ. బోర్డు చెడిపోయి మారిస్తే పాత లైసెన్సే సరిపోతుంది. స్పీడు కోసం మారిస్తే కొత్తది కొనాలి. మీ బోర్డు చెడిపోయిందాండీ?"

"చెడిపోయిందని చెప్పెయ్ బావా," బావమరిది గుసగుసలాడాడు.

"అబద్ధమా? నా నోటితోనా?" టీసీగారు సుత్తి తెచ్చి పాత బోర్డును ఎడాపెడా బాదారు. "ఇప్పుడు చెడిపోయిందమ్మా! నిజంగా!"

ఆ దెబ్బలు అవతలి అమ్మాయికీ వినిపించాయి. "అయ్యో, మార్చాక చెడగొడితే లెక్కలోకి రాదండీ. ఆ బోర్డే మళ్లీ పెట్టేస్తే ఏ గొడవా ఉండదని చెప్పబోతున్నాను..."

సరిగ్గా అప్పుడే భార్య లోపలికి వచ్చింది. సుత్తి, ముక్కలు, ఆరిపోయిన తెర చూసి కుర్చీలో కూలబడింది.

"ఏవండీ, నా అధ్యాయం?"

"కంప్యూటర్‌లోనే భద్రంగా ఉంది. కానీ లైసెన్సు లేకుండా నిన్ను ముట్టుకోనివ్వలేను." ఆయన సుత్తి కింద పెట్టారు. "నీకు మేలు చేద్దామనుకున్నానే. వినాయకుణ్ణి చేయబోతే కోతి అయింది."

ఫోన్లో అమ్మాయి ఇదంతా వింటూనే ఉంది. "మీరు ఏం చేస్తుంటారండీ?"

"టీసీనమ్మా."

"టికెట్ లేకుండా ఎక్కినవాళ్లకి బండిలోనే టికెట్ రాసిస్తారు కదా? మేమూ అంతే. కొత్త లైసెన్సు ఇప్పుడే కొనండి, నంబరు చెప్తాను."

ఆయన ప్లగ్గు మళ్లీ పెట్టి, నంబరు ఎన్నిసార్లు తప్పు కొట్టినా ఆ అమ్మాయి విసుక్కోలేదు. చివరికి సందేశం మాయమైంది.

"మరి జరిమానా ఎంతమ్మా?"

"జరిమానా ఏమీ లేదండీ. ఆ సుత్తి లోపల పెట్టేయండి, చాలు."

తన సర్వీసులో ఒక్కరితోనూ అనని 'జరిమానా లేదు' అన్న మాట విని టీసీగారి కళ్లు చెమర్చాయి. పొద్దు వాలకముందే అధ్యాయం వెళ్లిపోయింది. "ఇంత తొందరగా ఎప్పుడూ పంపలేదండీ, మీ చలవే," అని భార్య ఆయన చెయ్యి పట్టుకుంది. ఆయనకు మాత్రం ఆ ఫోన్లో గొంతుకు జన్మంతా రుణపడ్డట్టు అనిపించింది.

మర్నాడు బండిలో టికెట్ లేకుండా దొరికిన పెద్దమనిషిని ఆయన చల్లగా పలకరించి, కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, జరిమానా రాశారు.