నాటకానికి ముందే ఆత్మపరిశీలన

గురువారం సాయంత్రం 6.52కి ఒక కాలేజీ రంగస్థలం మీద తలుపు తెరుచుకోలేదు. అక్క పాత్ర వేసిన అమ్మాయి పిడి పట్టుకుని మూడుసార్లు లాగింది. నాలుగోసారి పిడి ఊడి చేతికొచ్చింది.

అదే తలుపు అంతకు రెండు గంటల ముందే తెరుచుకుని, దడేల్మని మూసుకుంది. ప్రేక్షకులు ఉలిక్కిపడ్డారు. దీనికి రాతపూర్వకమైన ఆధారం ఉంది. సాయంత్రం 4.47కి కాలేజీ పోర్టల్‌లో నమోదైంది.

పాఠకులు కంగారు పడనక్కర్లేదు. మొదటిది జరిగిన సంగతి. రెండోది రిఫ్లెక్షన్!

రిఫ్లెక్షన్ అంటే, రంగస్థల డిజైన్ చదివే పిల్లలు ప్రదర్శన చూశాక తమ పని ఎలా కుదిరింది, ఏం నేర్చుకున్నారు, తర్వాతి ప్రాజెక్టులో ఏం చేస్తారు అని ఆలోచించుకుని రాయాల్సిన రెండువేల పదాల నివేదిక. సెట్‌కి నలభై మార్కులు, నివేదికకి అరవై. నివేదిక పెట్టడానికి గడువు ప్రదర్శన రోజు సాయంత్రం ఐదు. ప్రదర్శన, అంటే ఆ పిల్లలు సెట్లు వేసిన పొట్టి నాటకాలన్నీ వరసగా, మొదలయ్యేది అదే రోజు ఆరున్నరకి.

ఇది ఎవరో టైపు కొట్టేటప్పుడు చేసిన పొరపాటని గిట్టనివాళ్లు అంటున్నారు. నేను ఒప్పుకోను. చదువుల్లో ఇంతటి ముందడుగు నా ఎరుకలో లేదు! నాటకం చూసి రాయడంలో ఏముంది? చూసినవాడు ఎవడైనా రాస్తాడు!

లాభాలు చూడండి. ఆ కాలేజీలో మూడేళ్ల నివేదికలు తిరగేశాను. ఒక్క లైటు ఆరిపోలేదు. ఒక్క తెర ఇరుక్కోలేదు. ఒక్క నటుడూ మాట మరిచిపోలేదు. ఇన్ని ప్రదర్శనలు ఇంత సజావుగా జరిగిన కాలేజీ ఇంకోటి ఉంటే చూపించండి.

ముప్ఫై ఒక్క ఏళ్లు రిపోర్టరుగా పని చేసినవాణ్ని. మంటలు లేచాక వెళ్లేవాణ్ని. వరద వచ్చాక వెళ్లేవాణ్ని. ఎంత వెనకబడి ఉన్నాం! సర్జన్లు కత్తి పట్టుకోకముందే "రోగి లేచి నడిచాడు, నేను ఓర్పు నేర్చుకున్నాను" అని సంతకం పెట్టేయొచ్చు కదా? కొత్త జంటలు దండలు మార్చుకోకముందే పాతికేళ్ల కాపురం మీద నివేదిక ఇచ్చేస్తే, ఆ తర్వాత పోట్లాడుకోవాల్సిన పనేముంది?

ఆ తలుపు చేసింది మా మేనకోడలు. రెండో ఏడాది చదువుతోంది. ఈసారి మార్కుల్లో ముందున్న ఆరుగురికి, చివరి ఏడాదిలో సొంతంగా ఒక నాటకానికి సెట్ వేసే అవకాశం ఇస్తారు. కాలేజీలో చేరింది మొదలు దానికి వేరే ధ్యాస లేదు.

తలుపుకి మంగళవారం రంగు వెయ్యాలి. మంగళవారం, బుధవారం నివేదికకే పోయాయి. జరగని నాటకం గురించి రాయలేక అది తల పట్టుకుంటే మా అక్క ధైర్యం చెప్పింది.

"ఎందుకే అంత ఏడుపు? మీ మామయ్య చదవని పుస్తకాలకి ఎన్ని రివ్యూలు రాయలేదు!"

గురువారం మధ్యాహ్నం రెండింటికి వర్క్‌షాపులో కార్పెంటర్ అడ్డుపడ్డాడు.

"ఇప్పుడా తల్లీ ఆయిల్ పెయింటు? రేపటికి గానీ ఆరదు."

"ఆరుతుంది బాబాయ్, ఫ్యాన్ పెడతా."

"ఫ్యాన్ పెడితే నువ్వు ఆరతావు. అది ఆరదు."

మూడింటికి సెట్ ఫొటోలు తీసి, వాటిని చూసి మార్కులు వేశారు. నలభైకి ముప్ఫై ఒకటి. రంగు బాగుందన్నారు. తలుపు మూసి ఉంచారు. 6.52కి అది చట్రానికి అంటుకుపోయి ఉంది.

నేను మూడో వరసలో ఉన్నాను. కథ ప్రకారం అక్క చెల్లెలితో తెగతెంపులు చేసుకుని, తలుపు విసిరికొట్టి వెళ్లిపోవాలి. దారి లేదు. ఊడిన పిడి పట్టుకుని వెనక్కి వచ్చి చెల్లెలి పక్కన నేల మీద కూర్చుంది. "వెళ్లిపోయింది" అనాల్సిన చెల్లెలు "వెళ్లలేదు" అంది. హాల్లో ఎవరో ముక్కు చీదారు. లైట్లు ఆర్పేశారు.

శుక్రవారం పొద్దున్నే మేనకోడలు మా ఇంటికొచ్చింది.

"మామయ్యా, తలుపు మూసుకుంటే జనం ఉలిక్కిపడతారనుకున్నా. తెరుచుకోకపోతే ఏడుస్తారని నాకెలా తెలుస్తుంది? ఈసారి సెట్‌లో తలుపే పెట్టను. మనిషి గోడ దాకా వచ్చి ఆగిపోవాలి."

"బాగుందే! అదే రాయి."

"రాసేశాగా! తలుపు దడేల్మందని!"

అక్కణ్నుంచి తిన్నగా నివేదికలు దిద్దే మేడమ్ దగ్గరికి వెళ్లింది. వెంట నేనూ ఉన్నాను.

"మేడమ్, నేను రాసింది జరగలేదు. మార్చుకోనివ్వండి."

"నీకు యాభై నాలుగు వేశానే పిచ్చిదానా! ప్రేక్షకుల స్పందన బాగా గమనించావని మెచ్చుకున్నా కూడా. ఇప్పుడు మారిస్తే లేట్ కింద పడుతుంది. లేట్‌కి సున్నా. అది నా చేతుల్లో లేదమ్మా, పోర్టలే వేసేస్తుంది."

"మీరు నాటకం చూశారా మేడమ్?"

"ఎక్కడమ్మా! ఐదింటి నుంచి మీ నివేదికలు దిద్దుతూనే కూర్చున్నా."

మేడమ్ మంచి మనిషి. కళ్లద్దాలు తీసి కళ్లు తుడుచుకుంది. గురువారం సాయంత్రం నుంచి ఆమె డెబ్బై ఒక్క నివేదికలు దిద్దింది. నాటకం ఒక్కటీ చూడలేదు. ఇన్ని నాటకాల గురించి ఇంత తెలిసిన మనిషి నాకింకెవరూ ఎదురుపడలేదు!

బయటికొచ్చాక, మేనమామగా నా బాధ్యత నెరవేర్చాను. "నోరు మూసుకుని ఊరుకో. ఎనభై అయిదు మార్కులు చేతిలో ఉన్నాయి. తలుపు తెరుచుకుందో లేదో ఎవడికి కావాలి?" అన్నాను.

"నాకు కావాలి మామయ్యా" అంది.

శుక్రవారం సాయంత్రం 4.10కి ఆమె రెండో నివేదిక పెట్టింది. ఒకటే పేజీ. మొదటి మూడు వాక్యాలు ఇవి: "తలుపు తెరుచుకోలేదు. రంగు ఆరలేదు. తప్పు నాది." పోర్టల్ పాత నివేదిక తీసేసి కొత్తది పెట్టుకుంది. మార్కుల గడిలో సున్నా వేసింది.

సోమవారం నోటీసు బోర్డు మీద ఆరు పేర్లు అతికించారు. ఆమె పేరు లేదు.

హాలు గుమ్మం దగ్గర ప్రదర్శనకి వచ్చిన ప్రతివాళ్లూ సంతకం పెట్టే రిజిస్టరు ఉంటుంది. మంగళవారం అడిగి చూశాను. ఆ ఆరుగురిలో నలుగురి సంతకాలు గురువారం పేజీలో లేవు.