పాప్ పని అయిపోయింది

ఆ శనివారం డెల్ఫినో అరియాగా చేయవలసిన పనులు ఇవి: తన స్కేట్‌బోర్డు చెక్కలో ఇంకా సత్తువ మిగిలిందో లేదో చూడటం; మిగలకపోతే పాప్ దుకాణంలో కొత్త చెక్క కొనడం; దానికి పాత చక్రాలు బిగించడం; మోకాళ్లకు మందు రాసుకోవడం; ఎండ ముదరకముందే దుకాణం వెనక ర్యాంపుల మీద చివరిసారిగా ఒక్క మంచి గెంతు గెంతడం; ఆ గెంతులో చావకపోవడం. ఆఖరుది చేర్చింది అతని భార్య మారిబెల్.

చివరిసారి అనుకోవడానికి కారణం ఉంది. పోర్ట్ అమారో నగర కౌన్సిలు ఆ స్థలాన్ని కార్లు నిలిపే చోటుగా మార్చాలని తీర్మానించింది. సోమవారం పొద్దున్న కూల్చే యంత్రాలు వస్తాయి. డెల్ఫినో ముందుపన్ను విరిగింది ఆ ర్యాంపుల మీదే. అది చూసి పగలబడి నవ్విన అమ్మాయినే అతను పెళ్లి చేసుకున్నాడు. నలభై దాటిన ఆ మనిషికి అవి సిమెంటు దిబ్బలు కావు. వాటిని ఉంచమని కౌన్సిలుకు ఎన్నో ఉత్తరాలు రాశాడు. ప్రతి ఉత్తరానికీ, నగరం పట్ల మీకున్న శ్రద్ధకు ధన్యవాదాలు అని జవాబు వచ్చింది.

గ్యారేజీ ముందు నిలబడి, బోర్డు వెనక కొసను కాలితో గట్టిగా తొక్కాడు. ఆరోగ్యంగా ఉన్న చెక్క నేలకు తగిలితే "టక్" అంటుంది, అంటూనే పైకి లేస్తుంది. ఇది "డబ్" అని ఊరుకుంది.

మారిబెల్ కాఫీ కప్పుతో గుమ్మంలోకి వచ్చింది. "ఏంటా చప్పుడు? పడ్డావా?"

"లేదు. పాప్ పోయింది."

"చెక్కదా? నీదా?"

"నవ్వకు. ఇది ఏడు పొరల మేపుల్ చెక్క. పొర మీద పొర జిగురుతో అతికిస్తారు. నేలకి కొట్టినప్పుడల్లా లోపల నార కాస్త నలుగుతుంది, జిగురు సన్నగా చిట్లుతుంది. పైకి ఏం కనపడదు. ఆ సందుల్లోంచి సముద్రపు తేమ పీల్చుకుని మెత్తబడిపోతుంది. ఇంక ఎంత తొక్కినా లేవదు."

"ఇదంతా చెక్క గురించా, నీ నడుం గురించా?" అంది మారిబెల్. "ఏదైతేనేం, ఆ చచ్చినదాన్ని మాత్రం మళ్లీ ఇంట్లోకి తేకు. గ్యారేజీలో ఇప్పటికే నాలుగున్నాయి."

చెక్కకు ఉండే ఆ ఎగిరే గుణాన్ని స్కేటర్లు పాప్ అంటారు. ఊళ్లో స్కేట్‌బోర్డులు అమ్మే ముసలాయననూ అందరూ పాప్ అనే పిలుస్తారు. అక్కడ తాతల వయసువాళ్లను అలా పిలవడం మామూలే. రెండింటికీ ఒకే పేరు ఉన్నందువల్ల ఆ శనివారం దాకా ఎవరి ప్రాణానికీ ముప్పు రాలేదు.

డెల్ఫినో పాత బోర్డును కారు డిక్కీలో పడేసుకుని దుకాణానికి వెళ్లాడు. షట్టరు దించి ఉంది. పాప్ శనివారం దుకాణం మూయడం అతను ఎన్నడూ చూడలేదు. కాసేపట్లో వస్తాడేమోనని పక్కనున్న డోనట్ల కొట్టులో కాఫీ తీసుకుని, స్నేహితుడు డెస్మండ్‌కు ఫోను చేశాడు. డెస్మండ్‌కు కుడిచెవి సరిగా వినపడదు, ఫోను ఎప్పుడూ ఆ చెవికే పెట్టుకుంటాడు. అందువల్ల డెల్ఫినో అరిచి మాట్లాడవలసి వచ్చింది.

కొట్టు యజమానురాలు చంతూ గారు గల్లాపెట్టె వెనక నిలబడి ఉన్నారు. కాంబోడియా నుంచి వచ్చి ఈ వీధిలో జీవితమంతా డోనట్లు వేయించిన మనిషి. ఆమెకు వినిపించింది ఇది.

"పాప్ పని అయిపోయిందిరా డెస్మండ్! ... ఆ, ఈ పొద్దున్నే. ... పైకి ఏం తెలీలేదురా. లోపల్లోపలే అంతా విడిపోయింది. తేమ చేరింది. వెనక భాగం పూర్తిగా అరిగిపోయింది. ... తట్టి కూడా చూశాను, డొల్ల శబ్దం. ... ఎన్ని దెబ్బలని, ఎన్నేళ్లని! ... ఎక్కడేంటి, నా కారు డిక్కీలోనే ఉంది. మారిబెల్ ఇంట్లోకి తేవద్దంది. చెత్తబుట్టలో పడేద్దామంటే మనసొప్పట్లేదు. ... కోసి స్టూలు చేయించుకోమంటావా? సర్లే, చూద్దాం."

చంతూ గారి చేతిలోని పటకారు కింద పడింది. ఆమె మూసి ఉన్న షట్టరు వైపు చూశారు, తరువాత డెల్ఫినో కారు వైపు చూశారు. మంచి కుర్రాడు, దుఃఖంతో మతి చలించింది అనుకున్నారు. ఒక డోనటు తీసి కాగితంలో పెట్టి చేతికిచ్చారు. డబ్బులు వద్దన్నారు. ఆ కొట్టు చరిత్రలో అలా జరగడం అదే మొదలు.

"తిను నాయనా. ముసలితనం. ఎవరికైనా తప్పదు."

"అంత ముసలితనమేం రాలేదాంటీ నాకు," అన్నాడు డెల్ఫినో కాస్త నొచ్చుకుని.

"అలాగే, అలాగే," అంటూ ఆమె కళ్లు తుడుచుకున్నారు.

పాప్ ఎంతకీ రాకపోయేసరికి డెల్ఫినో ఊరికి ఆ చివరనున్న పెద్ద బజారులో చెక్క వెతకడానికి బయలుదేరాడు. కారు మలుపు తిరగగానే చంతూ గారు షట్టరు ముందు కొవ్వొత్తి, అగరొత్తులు వెలిగించి, ఒక పళ్లెం నిండా డోనట్లు పెట్టి మోకరిల్లారు.

ఆ తరువాత ఆ వార్తను ఎవరూ ఆపలేకపోయారు, ఆపడానికి ఎవరూ ప్రయత్నించనూ లేదు. మొదట వచ్చినావిడ మిసెస్ ప్రెస్కాట్. చక్రాల చప్పుడు భరించలేకపోతున్నానని వారం వారం పోలీసులకు ఫోను చేసే మనిషి. ఆమె తెల్ల లిల్లీ పూలు తెచ్చి, ఆ చప్పుడు లేకపోతే తనకిక నిద్రెలా పడుతుందని ఏడ్చారు. బడి వ్యాయామ మాస్టారు టకర్, నా గురువు, నా తండ్రిలాంటివాడు అని ఇంటర్నెట్‌లో రాసి కింద ఒక ఫొటో పెట్టాడు. ఫొటోలో ఆయన ఒక్కడే ఉన్నాడు, చొక్కా లేకుండా. కొన్నేళ్లుగా ఆ గడప తొక్కనివాళ్లందరూ నిన్న మొన్ననే పాప్‌తో మాట్లాడారు.

వార్తతోబాటు జబ్బూ పెరిగింది. తేమ చేరింది అన్న మాట ఊపిరితిత్తుల్లో నీళ్లు చేరాయని మారింది. అరిగిపోయిన వెనక భాగం తుంటి ఎముక అయింది. లోపల విడిపోయినవి ఆపరేషన్ కుట్లని ఒకరన్నారు. డొల్ల శబ్దం విన్నది పెద్ద డాక్టరని ఇంకొకరు తేల్చారు. మొత్తం మీద పాప్ మూడు వేర్వేరు ఆసుపత్రుల్లో, నాలుగు రోగాలతో, ఒకే ఉదయం కన్నుమూశాడు.

బజారులో డెల్ఫినో ఒక చెక్కను గోటితో తట్టి చూస్తుండగా ఫోను మోగింది. శనివారాలు కలిసి స్కేటింగు చేసే స్నేహితుల ఫోను బృందంలో సందేశం: "పాప్ ఇక లేరు. ఊపిరితిత్తుల్లో నీళ్లట. అందరూ దుకాణం దగ్గరికి రండి."

చెక్క చేతిలోంచి జారింది. అందుకా షట్టరు దించి ఉంది! అక్కడ పెద్దాయన ప్రాణం పోతుంటే తాను పక్క కొట్టులో కూర్చుని, చచ్చిన చెక్క గురించి అరుస్తూ డోనటు తిన్నాడు. కారులో కూర్చుని స్టీరింగు మీద తల పెట్టి ఏడ్చాడు. తాను పొద్దున్న వదిలిన పుకారే కొత్త చొక్కా తొడుక్కుని తిరిగొచ్చిందని పాపం అతనికి తట్టలేదు.

అతను తిరిగి వచ్చేసరికి వీధి నిండిపోయింది. అతన్ని చూసి జనం దారి ఇచ్చారు. "ఈయనే ఆఖరి దాకా దగ్గరున్నాడట," అని ఎవరో గుసగుసలాడారు. డెల్ఫినో కంగారుగా తల ఊపాడు. శోకంలో అర్థం కాని మాటలకు కూడా తల ఊపడం మర్యాద.

షట్టరు ముందు మేయర్ బ్రెంట్ హాల్వర్సన్ ఉన్నారు. స్కేటింగు చేస్తే జరిమానా వేసే నిబంధన ఆయనదే, బోర్డులు జారకుండా మెట్ల అంచులకు ఇనప బొడిపెలు కొట్టించిందీ ఆయనే. ఎన్నికలు దగ్గరలో ఉన్నాయి. ఇంతమంది ఓటర్లు ఒకేచోట, అదీ కళ్లనీళ్లతో దొరకడం అరుదు. వెనక ఇద్దరు కౌన్సిలర్లు, ముందు టీవీ కెమెరా.

"పాప్ నాకు సొంత మనిషి," అన్నారు మేయరు. "ఆయన కల ఈ ర్యాంపులు. వీటి మీద ఎవరైనా చెయ్యి వేస్తే నేనూరుకోను!"

జనం చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు ఆయనకు నచ్చాయి. కాగితం కావాలన్నారు. ఎవరి దగ్గరా లేకపోతే చంతూ గారు డోనట్ల డబ్బా మూత అందించారు. మేయరు దాని మీద పెద్ద అక్షరాలతో రాస్తూ ఆగి, తల ఎత్తారు. "ఆయన పూర్తి పేరేంటి?"

మిసెస్ ప్రెస్కాట్ టకర్ వైపు చూశారు, టకర్ తన బూట్ల వైపు చూసుకున్నాడు. డెల్ఫినోకు కూడా చెంప మీద కొట్టినట్టయింది. పన్ను విరిగిన నాటి నుంచి ఎరిగిన మనిషి, పేరు తెలియదు.

"పాప్ అంటే చాలు లెండి సార్, దేశమంతా తెలుసు," అన్నాడు టకర్.

మేయరు రాసింది చదివి వినిపించారు: "ఈ ఉదయం మనల్ని శాశ్వతంగా వదిలి వెళ్లిన పాప్ జ్ఞాపకార్థం, ఈ స్థలాన్ని ఎన్నటికీ స్కేట్ పార్కుగానే ఉంచుతాం." సంతకం చేశారు. కెమెరా తమ వైపు తిరగగానే కౌన్సిలర్లిద్దరూ కూడా చేసేశారు.

డెల్ఫినో గుండె ఉప్పొంగింది. ర్యాంపులు బతికాయి! సరిగ్గా అప్పుడే చంతూ గారు అతని మోచేయి పట్టుకుని చెవి దగ్గరికి వంగారు.

"ఇంకా డిక్కీలోనే ఉంచావా నాయనా? ఎండెక్కుతోంది. వాసనొస్తుంది."

"ఏంటాంటీ వాసనొచ్చేది?"

"పాప్."

"డిక్కీలోనా? ఎవరన్నారు?"

"నువ్వేగా అరిచి మరీ చెప్పావు! స్టూలు కూడా చేయిస్తానన్నావు."

పొద్దున్న తాను ఫోనులో అరిచిన మాటలే ఈ చావుకబురయ్యాయని డెల్ఫినోకు అప్పుడర్థమైంది. నోట ఎప్పుడూ అబద్ధం నిలవని మనిషి. నిజం చెబితే సోమవారం యంత్రాలు వస్తాయి. చెప్పకపోతే ఒక బతికున్న మనిషికి తద్దినం పెట్టినట్టవుతుంది. నోరు తెరిచాడు, మూశాడు, మళ్లీ తెరిచాడు. అతనికి ఆ శ్రమ లేకుండా వీధి మలుపులో ఒక వ్యాను ఆగింది. అందులోంచి రబ్బరు బూట్లు, ఎండకు కందిన ముక్కు, చేపల బకెట్టుతో పాప్ దిగాడు.

"ఏంటీ గుంపు? ఎవరు పోయారు?"

మిసెస్ ప్రెస్కాట్ ముందుగా తేరుకున్నారు. "మీరు బతికే ఉన్నారా! మరి నా పువ్వుల సంగతేంటి?"

"చేపలు పట్టడానికి పడవెక్కాను. మిమ్మల్నడిగి వెళ్లాలా?"

"ఒక మాట చెప్పి వెళ్లొద్దూ? ఇంతమందిమి ఏడ్చాం!" అన్నాడు టకర్, ఫోనులో తన ఫొటో తొలగించకుండానే. దానికి అప్పటికే చాలామంది సానుభూతి తెలిపారు. జనంలో కోపం మెల్లగా రాజుకుంది. కష్టపడి ఏడ్చినవాళ్లకు ఆ ఏడుపు తిరిగి ఇచ్చేవాళ్లెవరు?

మేయరు ముఖం మాత్రం వికసించింది. "దేవుడి దయ, పాప్! అయితే చిన్న చిక్కు. బతికున్నవాళ్ల పేర స్మారకం పెట్టకూడదని మన నగర నిబంధన. నాకెంత బాధగా ఉందో మాటల్లో చెప్పలేను." అంటూ డబ్బా మూత కోసం చెయ్యి చాచారు. చంతూ గారు దాన్ని రెండు చేతులతో గుండెకు అదుముకున్నారు.

డెల్ఫినో కారు దగ్గరికి పరుగెత్తాడు. డిక్కీ తెరుస్తుంటే ముందు వరసవాళ్లు ముక్కులు మూసుకున్నారు. పాత బోర్డు తీసుకొచ్చి మేయరు కాళ్ల దగ్గర పెట్టాడు.

"సార్, మీరు రాసింది అబద్ధం కాదు. ఈ ఉదయం మనల్ని వదిలి వెళ్లిన పాప్ ఇదే."

"ఇది చెక్క!"

"చెక్క ఉంది సార్. పోయింది దాని పాప్. ఏ స్కేటర్నైనా అడగండి, ఆ మాటకి అర్థం చెప్తాడు." బోర్డు వెనక కొసను తొక్కాడు. డబ్. గుంపులోంచి డెస్మండ్ ముందుకొచ్చి తన బోర్డు పక్కన పెట్టి తొక్కాడు. టక్! అది ఎగిరి అతని చేతిలోకి వచ్చింది. జనం మేయరు వైపు తిరిగారు. "ఆఖరి దాకా దగ్గరున్నది నేనే. తట్టి చూసిందీ నేనే," అన్నాడు డెల్ఫినో. "ఆ మూత మీద ఎవరి పేరూ రాయలేదు మీరు. పాప్ అని మాత్రమే రాశారు."

మేయరు కెమెరా వైపు చూశారు. కెమెరా ఆయన వైపే చూస్తోంది. పోయినవారి పూర్తి పేరు తెలియకుండానే సొంత మనిషన్నానని ఒప్పుకోవాలి, లేదా చెక్కకు నివాళి అర్పించానని ఒప్పుకోవాలి. ఆయన టోపీ తీశారు.

"అది నిజంగా పోయిందని నిర్ధారించేదెవరు?" అన్నారు చివరి ఆశగా.

పాప్ బకెట్టు కింద పెట్టి బోర్డు ఎత్తి, మధ్యలో వంచి చూశాడు. "మెత్తటి రొట్టెలా వంగుతోంది. పొడి చోట పెట్టమంటే వినడు, వర్షంలో వదిలేస్తాడు. వీడి చేతిలో పడితే నేనైనా పోతాను." తరువాత మూత మీద సాక్షి సంతకం గీకి, డెల్ఫినో వైపు తిరిగాడు. "కొత్త చెక్క కావాలేమిట్రా? తక్కువ ధరకి అడక్కు. నేనింకా చావలేదు."

కొత్త చెక్క "టక్" అంది. డెల్ఫినో గెంతాడు, జాబితాలో మారిబెల్ రాసింది కూడా పూర్తయింది. సోమవారం యంత్రాలు రాలేదు. ఇప్పుడక్కడ ఇత్తడి ఫలకం మీద "పాప్ స్మారక స్కేట్ పార్కు" అని ఉంటుంది. దాని కింద బల్ల మీద ఒక ముసలాయన కూర్చుని ఉంటాడు. పోయినాయన ఎలాంటివారని వచ్చినవాళ్లు ఆయన్నే అడుగుతుంటారు.

డబ్బా మూత మీద ఆయన సంతకం చదివింది డెల్ఫినో ఒక్కడే, ఆ తరువాత నూనె మరక దాన్ని మింగేసింది. ఆయన పేరు ఆర్విడ్ లిండ్‌క్విస్ట్. దయచేసి మీరైనా గుర్తుంచుకోండి, ఊరు తన వంతు ఆ శనివారమే ముగించేసుకుంది.