శెట్టిగారి దుర్యోధన కవచం

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో ప్రొద్దుటూరులో వీరభద్రయ్య శెట్టికి గుడ్డలంగడి ఉండేది. ఆయన కంటే ముందు ఆయన బొజ్జ అంగడి గడప దాటేది. అటువంటి మనిషికి ఆ ఏడు దసరా నాటకంలో దుర్యోధనుడి వేషం కట్టాలని బుద్ధి పుట్టింది. పద్యాలు పాడగలడా అంటే పాడగలడు. ఆయన గొంతెత్తితే చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళు కిటికీలు మూసుకునేవారు, అంతే.

జమ్మలమడుగులో మూతబడిన నాటక కంపెనీవాళ్ళు సామాన్లు అమ్ముతున్నారని విని, బస్సెక్కి పోయి ఒక కవచం కొనుక్కొచ్చాడు. ఎర్ర ముఖమలు మీద రేకు బిళ్ళలు, చెమ్కీలు. ధగధగా మెరుస్తోంది. దాన్ని ఇంతకుముందు తొడిగిన నటుడు మాత్రం చువ్వలాంటి మనిషట.

భార్య కృష్ణవేణమ్మ దాన్ని ఆయన ఎదకు ఆనించి చూసింది.

"ఇది మీకు ఒగ పక్కకు సరిపోతాది. రెండో పక్కకు ఏం తొడుక్కుంటారు?"

"పొట్ట తగ్గిస్తానే."

"దానికన్నా కవచం పెంచేది సులువు."

శెట్టి పొద్దున పస్తు ఉన్నాడు. మధ్యాహ్నానికి వంటింట్లోంచి అలసంద వడల వాసన వచ్చింది. సాయంత్రం కవచం చంకన పెట్టుకొని టైలరు ఫకీర్ సాహెబ్ దగ్గరికి పోయాడు.

ఫకీర్ సాహెబ్ టేపు చుట్టబోయాడు. టేపు చాల్లేదు.

"ముందర ఎట్లో సర్దుతా సెట్టీ. వీపుకు మాత్రం గుడ్డ ఎయ్యాల. ఎర్రపట్టయితే కలిసిపోతాది."

అంగడి నిండా పట్టు తానులే. కానీ అమ్ముకునే సరుకు మీద కత్తెర పెట్టడానికి శెట్టికి చెయ్యి రాలేదు. కృష్ణవేణమ్మ పెట్టెలో ఆమె పుట్టింటివాళ్ళు పెట్టిన ఎర్రపట్టు చీర గుర్తొచ్చింది. దానికి మాత్రం చెయ్యి చక్కగా వచ్చింది.

రవికలు కుట్టించుకోవడానికి పోయిన కృష్ణవేణమ్మకు ఫకీర్ సాహెబ్ మిషను మీద తన చీర కనిపించింది.

"ఈ చీర ఎవురిదన్నా?"

"సెట్టి తెచ్చిచ్చినాడు తల్లీ. నాకేం తెల్దు."

ఆమె కాసేపు చీర అంచు నిమిరింది. "నాదే. అయినా మంచిదే. కోసేకి ముందే వచ్చినా. కవచాన్ని నా కొలతకు కుట్టు," అంటూ చీర మడిచి చంకన పెట్టుకుంది.

ఫకీర్ సాహెబ్ శెట్టి పొట్టను తలుచుకున్నాడు. పని శానా తగ్గిందని సంతోషపడ్డాడు.

రిహార్సలు రోజు శెట్టి నలుగురి ముందూ కవచంలో తల దూర్చాడు. తల పట్టింది. భుజాలు పట్టలేదు. నాటకం కమిటీవాళ్ళు పట్టి లాగితే బయటికొచ్చాడు. వాళ్ళు గుసగుసలాడుకొని ఆయనకు ధృతరాష్ట్రుడి వేషం ఇచ్చారు. దానికి కవచం అక్కర్లేదు, కళ్ళు మూసుకొని కూర్చుంటే చాలు.

శెట్టి ఇంటికొచ్చి నిలదీశాడు. "నీ కొలతకు కుట్టించినావంట. ఎందుకే?"

"మా మహిళామండలి నాటకంలో దుర్యోధనుడు కావాల్సొచ్చినాడు. పద్యాలు మీరు పొద్దస్తమానం అరస్తాంటే నాకు నోటికొచ్చినాయి."

"ఆడదానివి, దుర్యోధనుడేందే?"

"మీకు లేని నడుము నాకుండాది కదా."

శెట్టి తన నడుము కోసం వంగి చూసుకున్నాడు, పొట్టే కనిపించింది.

ఆడవాళ్ళ నాటకం ముందు పడింది. శెట్టి ముందు వరసలో ఇరుక్కొని కూర్చున్నాడు. ఆ కవచం తొడిగిన కృష్ణవేణమ్మ గద భుజానికెత్తి, పద్యం అందుకొని, తొడ చరిచింది. పందిరి చప్పట్లతో అదిరిపోయింది.

పక్కన కూర్చున్న పులివెందుల ఆసామి శెట్టి మోచెయ్యి పొడిచాడు.

"ఎవురప్పా ఆ యమ్మ?"

"మా ఇంటామె."

"చూస్తాంటేనే భయమేస్తాంది. ఇంట్లో గూడ గద పట్టుకోనే తిరుగుతాదా?"

"ఇంట్లో గద అక్కర్లేదు లేప్పా," అన్నాడు శెట్టి.