రెండు మాటల మధ్య సున్న

వెబ్‌సైట్లలో బటన్లు చిన్నవిగా ఉండాలి. ఇంకా చిన్నవి కావాలి. వీలైతే కంటికి కనపడకుండా పోవాలి! ఈ మాటకు ఎవరికైనా కోపమొస్తే రానివ్వండి. జాతి బాగు కోరేవాళ్లు చేదు నిజాలు చెప్పక తప్పదు.

పెద్ద బటన్ మనిషికి ఏం నేర్పుతుంది? సోమరితనం! తలుపంత బటన్ పెడితే టీ తాగుతూ, పేపరు తిరగేస్తూ, మోచేత్తో కూడా నొక్కేస్తాడు. అదే నువ్వుగింజంత బటన్ పెట్టి చూడండి. ఊపిరి బిగబట్టాలి, కన్నార్పకూడదు, మౌస్ పట్టిన చెయ్యి వణకకూడదు. యోగా క్లాసుల్లో వేలు పోసినా అబ్బని ఏకాగ్రత దిల్‌సుఖ్‌నగర్ నెట్ సెంటర్లో గంటకు పదిహేను రూపాయలకే దొరుకుతుంటే ఇంకా ఏడుపెందుకు?

"సబ్మిట్" పక్కనే "రీసెట్" పెట్టిన ఆ మహానుభావుణ్ణి ఒక్కసారి తలుచుకోండి. రెంటి మధ్యా చీమ కూడా పక్కకు తిరిగి నడవాల్సినంత సందు. వేలు అటు పడితే దరఖాస్తు వెళ్లిపోతుంది. ఇటు పడితే పుట్టిన తేదీ మొదలు పుట్టుమచ్చల దాకా సర్వం తుడిచిపెట్టుకు పోతుంది. గంటసేపటి సంపాదన క్షణంలో పోతే కలిగే వైరాగ్యం ఏ స్వామీజీ ఇవ్వగలడు?

ఇంత గొప్ప సదుపాయం విలువ తెలియని అమాయకురాలి పేరు రజిత. సొంతూరు పోచంపల్లి. దిల్‌సుఖ్‌నగర్ బస్టాండు వెనక సందులో తండ్రి వెంకటనర్సయ్యకు చిన్న చీరల దుకాణం. ఆమె బీఎడ్ చదివి ఆ దుకాణంలో చీరలకు ఫాల్స్ కుడుతోంది. 2011లో ఆడపిల్లల హాస్టళ్లకు వార్డెన్లు కావాలని నోటిఫికేషన్ పడింది. వయోపరిమితి లెక్కన ఆమెకు అదే ఆఖరి అవకాశం. దరఖాస్తుకు ఆఖరి రోజు సెప్టెంబరు పన్నెండు. మర్నాటి నుంచే తెలంగాణ కోసం సకల జనుల సమ్మె.

నెట్ సెంటర్ విశ్వేశ్వరరావుది. తెనాలి వైపు నుంచి వచ్చి ఇరవై ఏళ్లయింది. రజిత రెండుసార్లు రీసెట్ నొక్కి, అంటే రెండుసార్లు వైరాగ్యం పొంది, మూడోసారి దరఖాస్తును గట్టెక్కించింది. ప్రింటు తీసి చేతికివ్వబోతూ విశ్వేశ్వరరావు ఆగిపోయాడు.

"అమ్మాయ్, నాన్‌లోకల్ అని పెట్టావేంటమ్మా?"

"ఏంది సార్! నేను లోకలే నొక్కిన!"

జరిగిందిది. తెర మీద ఒకే వరసలో ముందు నొక్కడానికి ఒక సున్న, తర్వాత లోకల్ అన్న మాట, మళ్లీ ఒక సున్న, ఆ తర్వాత నాన్‌లోకల్ అన్న మాట. అన్నీ ఒకదానికొకటి అతుక్కుని ఉన్నాయి. రజిత ముందు లోకల్ అన్న మాట మీదే నొక్కింది. ఉలుకూ లేదు, పలుకూ లేదు. జీవితమంతా కాగితం ఫారాలు నింపిన మనిషి. కాగితం మీద మాట ముందుంటుంది, టిక్కు పెట్టే గడి దాని తర్వాత ఉంటుంది. అందుకని లోకల్ తర్వాతి సున్న నొక్కింది. కంప్యూటర్ ఆచారం వేరు. దానికి సున్న ముందు, మాట వెనక!

ఇప్పుడు చెప్పండి, రెండు మాటల మధ్య ఉన్న సున్న ఎవరిది? నవ్వకండి. ఇద్దరి మధ్య ఉన్న నగరం ఎవరిదో తేల్చడానికి అఖిలపక్షాలు కూర్చున్నాయి, కమిటీ కూర్చుంది, లావుపాటి నివేదిక రాసింది. తేలిందా? ఒక డిజైనరు ఏ రాస్తారోకో లేకుండా, ఏసీ గదిలో కూర్చుని, చిటికెలో తేల్చేశాడు!

అదే నెట్ సెంటర్లో, అదే రోజు, విశ్వేశ్వరరావు కొడుకు కార్తీక్ కూడా వేరే ఉద్యోగానికి దరఖాస్తు పెట్టాడు. పదో తరగతి దాకా దిల్‌సుఖ్‌నగర్లోనే చదివాడు కాబట్టి రూలు ప్రకారం అతను లోకలే. తప్పేమీ లేదు. అలా తెనాలి వారబ్బాయి లోకల్, పోచంపల్లి అమ్మాయి నాన్‌లోకల్ అయి బయటికొచ్చారు.

"తాతముత్తాతల సంది గీడనే బతికినం. ఒక్క నొక్కుడుకే పరాయోళ్లమైతిమా?" అన్నాడు దుకాణం నుంచి వచ్చిన వెంకటనర్సయ్య, ప్రింటును అటూ ఇటూ తిప్పుతూ.

"తప్పు నాది నర్సయ్యగారూ. ముందు సున్న, తర్వాత మాట అని మావాడికి చెప్పాను. అమ్మాయికి చెప్పడం మరిచిపోయాను," అన్నాడు విశ్వేశ్వరరావు. నిజంగానే బాధపడ్డాడు పాపం. ఇందులో ఆయన తప్పేముంది? తప్పంతా రజితదే. పట్టుపోగులకు లెక్క తప్పకుండా ముడులేసి రంగులద్దే ఇంట్లో పుట్టి, ఒక మౌస్ పట్టుకోలేకపోయింది!

మర్నాడు రాస్తారోకోతో బస్సులు ఆగిపోయాయి. ఒకసారి పంపిన దరఖాస్తును హాస్టళ్ల శాఖ ఆఫీసులోనే దిద్దాలి. అందుకని రజిత కొత్తపేట మీదుగా ఎల్బీనగర్ ఆఫీసుకు నడిచి వెళ్లింది. ఆఫీసుకు తాళం. సిబ్బంది అంతా ఎదురుగా సమ్మె టెంటులో ఉన్నారు. ఆమె దరఖాస్తు చూడాల్సిన గుమాస్తా అంతయ్య ముందు వరసలోనే కూర్చున్నాడు.

"లోకల్ నౌకర్లు లోకలోళ్లకే రావాలెనని కూసున్నం బిడ్డా. లోపలికెట్ల పోతం?"

"నేను లోకలే సార్. కంప్యూటర్ల తప్పు పడ్డది."

"గట్లనా! సమ్మె అయిపోనీ, నేనే దగ్గరుండి దిద్దిపిస్త. జరసేపు కూసో, ఎండన పడి వచ్చినవ్."

రజిత కూర్చుంది. కాగితం మీద నాన్‌లోకల్ అయిన ఆ మనిషి లోకల్ ఉద్యోగాల కోసం గొంతు పోయేలా నినాదాలిచ్చింది. మనసారా ఇచ్చింది. ఇంటికి నడుస్తుంటే దారి పొడుగునా ఏడుపు ఆగలేదు.

సమ్మె నలభై రెండు రోజులు నడిచింది. అంతయ్య మాట తప్పలేదు, ఆమెను వెంటబెట్టుకుని అధికారి శ్రీరామమూర్తి దగ్గరికి తీసుకెళ్లాడు. ఆయన విన్నాడు, కళ్లజోడు తుడుచుకున్నాడు. సవరణల గడువు సమ్మెలోనే ముగిసిందన్నాడు. జిల్లాలో నాన్‌లోకల్ కింద ఉన్నది ఒకే ఒక్క పోస్టు అని కూడా చెప్పాడు.

ఇక్కడ డిజైనర్ల పరువు కాపాడే బాధ్యత మన మీదుంది. వాళ్లకు పెద్ద బటన్ చేయడం చేతకాదని ఎవరైనా అంటే నమ్మకండి. నిక్షేపంలా వచ్చు! ఆ దరఖాస్తు చివరి పేజీలోనే ఒకటుంది. తెర ఈ చివర నుంచి ఆ చివరికి, పచ్చటి రంగులో, చుట్టూ బోలెడంత ఖాళీతో. దాని మీద అక్షరాలు వీధిలోంచి కూడా చదవొచ్చు: "పై వివరాలన్నీ నిజమే. తప్పుంటే పూర్తి బాధ్యత నాదే."

శ్రీరామమూర్తి కంప్యూటర్ తెరను ఆమె వైపు తిప్పి దాన్నే చూపించాడు.

"ఇది నొక్కావా, లేదా?"

"నొక్కిన సార్."

"లోకల్ దగ్గర తప్పిన చెయ్యి దీని దగ్గర ఎందుకు తప్పలేదమ్మా?"

"గదొక్కటే పెద్దగున్నది సార్," అంది రజిత.